మార్చకుండుట యనెడి విద్య

హనుమాన్ జంక్షనులో, ఆంజనేయస్వామి గుడికి కొంచెము ఎడముగా, నూజివీడు వైపు పోవు రోడ్డుమీద నున్న ఒక కిరాణా దుకాణమున చింతపండు కొనుచుండగా, నా ప్రక్కన నిలిచియున్న ఒక వృద్ధురాలు చేతిలోని టీపొడి పొట్లమును బల్లమీద మరల పెట్టి, "ఇది కాదు బాబూ, మేం తాగేది ఎర్ర పొట్లం" అన్నది. "అదే మామ్మగారూ, కంపెనీవాళ్ళు కవరు మార్చారు. లోపల పొడి అదే" అని దుకాణదారుడు ఓపికతోనే చెప్పెను. ఆమె పొట్లమును ఇటునటు త్రిప్పి చూచినది, ముక్కు దగ్గర పెట్టుకొని చూచినది, తుదకు, "కవరు మార్చినోళ్ళు పొడి మార్చలేదని నీకెవరు చెప్పారు?" అని అడిగినది. దుకాణదారుడు మాటాడలేదు. ఇంటికి వచ్చిన తరువాత సైతము ఆ ప్రశ్న నన్ను విడువలేదు. ఇంత స్వల్పవిషయమున కింత చింత యేల, పొట్లము రంగు మారినంత మాత్రమున ఎవరి సొమ్ము పోయినది, అని నాకు నేనే చెప్పుకొన్నాను. కాని పోయిన దేదియో ఉన్నదనియు, ఆ ముసలమ్మ దానిని పోల్చుకొన్నదనియు, నేను మాత్రము ఇంకను దానికి పేరు పెట్టలేకున్నాననియు మనస్సు పదేపదే తెలుపుచునే యున్నది.

ఈ జంక్షను మార్పు నెరుగని చోటు కాదు. మేము చిన్నతనమున అయిదవ నంబరు జాతీయ రహదారి యనిన త్రోవ, 2010లో దేశమందలి రహదారుల నంబర్లను తిరుగవ్రాసినపుడు పదహారవ నంబరు రహదారియైనది. 2022 ఏప్రిలులో జిల్లాల హద్దులు మారగా, ఇక్కడి బస్సులు దినమెల్ల పోయివచ్చు నూజివీడు ఏలూరు జిల్లాలో చేరినది. జంక్షను కృష్ణా జిల్లాలోనే మిగిలినది. విజయవాడనుండి ఏలూరు పోవువారును, గుడివాడనుండి నూజివీడు పోవువారును ఈ కూడలి మీదుగనే పోవుదురు. ఇన్ని మారినను బస్సు తలుపునొద్ద కండక్టరు వేయు "జంక్షన్, జంక్షన్" అను కేక మారలేదు. గుడి చోటు మారలేదు. ఇవి ఉన్నంతకాలము రహదారి నంబరు ఎంతయైనను ఇక్కడ దిగవలసినవాడు దారి తప్పడు. మనుష్యుడు మార్పును ద్వేషించు ప్రాణి యని కొందరనుదురు, నాకట్లు తోచదు. గోచి పెట్టిన రైతులు గోదావరి కాలువలమీద పడవప్రయాణము మాని రైలెక్కిరి, ఆముదపు దీపము మాని కిరసనాయిలు బుడ్డి, దానిని మాని విద్యుద్దీపము పెట్టుకొనిరి, ఎవరును విలపింపలేదు. చేతి కందుచోట ఒకటి రెండు మారని గుర్తులుండిన చాలును, తక్కిన ప్రపంచమెంత మారినను మానవుడు దానితో సర్దుకొనగలడు. ఆ ఒకటి రెండు గుర్తులమీదనే చేయి పడినపుడు గదా బాధ?

ఆ మామ్మగారు అక్షరము లెరుగునో యెరుగదో నాకు తెలియదు. కాని ఎరుగనివారు మన పల్లెలలో తరతరములుగా కొట్టుకు పోయి సరకు కొన్నది ఎట్లు? ఓడ బొమ్మ అగ్గిపెట్టె యనిరి, ఎర్ర సబ్బు అనిరి, పసుపుపచ్చ అమృతాంజనమనిరి. కంపెనీ లండనులో పుట్టినదో బొంబాయిలో పుట్టినదో వారికక్కరలేదు. రంగును బొమ్మయు వారి కక్షరములు. చదువుకొన్నవారమైన మనము సైతము ప్రతిదినము వాడు వస్తువు పేరును చదువుచున్నామా? చీకటిలో తడవి తీసికొనుచున్నాము. డబ్బా మూత వంపు వ్రేళ్ళకు తెలియును. సీసా బరువు మణికట్టుకు తెలియును. ఇట్టి అలవాటునుండి రంగును తీసివేయుట, చదువుకొన్నవాని పుస్తకమునుండి రాత్రికి రాత్రి లిపిని మార్చివేయుటతో సమానము. ఇది కేవలము భావుకత్వమని త్రోసిపుచ్చవీలు లేదు. అమెరికాలో గుండెపోటునుండి తేరుకొని దీర్ఘకాలము మందులు వాడవలసిన వేలాది రోగులనుగూర్చి 2014లో ప్రకటితమైన ఒక అధ్యయనమున, మందు అదియే యైనను తయారీదారు మారి బిళ్ళ రంగు మారినపుడు రోగి ఆ మందు మానివేయు అవకాశము 34 శాతమును, ఆకారము మారినపుడు 66 శాతమును పెరిగినట్లు తేలినది. ప్రాణరక్షణకై మ్రింగు బిళ్ళ విషయముననే ఇట్లుండగా, ఆ టీపొడి తనదగునా కాదా యని శంకించిన ముసలమ్మను చాదస్తురాలని ఎట్లనగలము?

వస్తువును మార్చుట ఒకటి. జనులకు ప్రియమైన వస్తువును మాయము చేసి దాని చోట మరియొకదానిని నిలుపుట మరియొకటి. ఈ రెండవదానిని మా తరమువారము కన్నులార చూచితిమి. జంక్షనులో బస్సు ఆగినంతనే కిటికీల క్రింద కూల్‌డ్రింకు లమ్ము కుఱ్ఱవాండ్రు ఓపెనరుతో వరుసగా సీసాలమీద టకటకమని వాయించుచు పరుగెత్తుచుండెడివారు. ఆ చప్పుడు వినబడగానే పిల్లలు అడుగునది గోల్డ్ స్పాట్. నారింజరంగు నాలుకకు అంటుకొని, ఏలూరు చేరువరకు ఒకరి కొకరు నాలుకలు చూపుకొనుట ఆ ప్రయాణమున సగము ఆనందము. 1977లో కోకా కోలా సంస్థ దేశము విడిచి పోయినపుడు, గోల్డ్ స్పాట్ చేయుచున్న పార్లే వారే థమ్సప్‌ను తెచ్చిరి. 1993లో కోకా కోలా తిరిగి వచ్చి, పార్లే పానీయములను కొనివేసినది. ఆ పిమ్మట క్రమముగా గోల్డ్ స్పాట్ అంగడినుండి తొలగినది. ఆ చోట ఆ సంస్థ సొంత నారింజపానీయమైన ఫాంటా నిలిచినది. చెడిపోయి తొలగలేదు, అడుగువారు లేక తొలగలేదు. కొన్నవారి లెక్కలలో ఒకే రంగు పానీయములు రెండు అనవసరమై తొలగినది. దుకాణదారు "అదే టైపేనండీ" అని ఫాంటా సీసా చేతికిచ్చినపుడు పిల్లలు త్రాగిరి; ఏల త్రాగరు? కాని మరియొకటి ఇచ్చినపుడు మనుష్యుడు సంతోషింపవచ్చునే కాని, తనది పోయినదనుమాట మరచునా?

థమ్సప్ కథ వేరు, ఆ కథ నాకు ధైర్యము నిచ్చును. కొన్న సంస్థకు తన కోలా యుండగా దీనియందు ప్రత్యేకాదరము లేకపోయినది. తన సరకునే ముందునకు త్రోసినది. కాని జనులు కదలలేదు. మన తెలుగునాట మరింతగా కదలలేదు. కొంచెము ఘాటు, కొంచెము మంట, ముక్కులోనికి ఎగదన్ను ఆ గ్యాసు, మాంసాహారపు విందు ముగిసిన తరువాత ఆ గుటక: ఇవి వారి కలవాటు, ఇందులో ఏ యొక్కటి తగ్గినను వారికి తెలియును. దుకాణమున కూర్చుండి "థమ్సప్ ఉందా?" అని అడిగి, లేదనిన లేచిపోయినవారు కోట్లమంది. చిరంజీవి, తరువాత మహేశ్ బాబు దాని ప్రకటనలలో కనబడుట కారణము కాదు, జనాభిమానమునకు ఫలితము. తుదకు సంస్థయే దిగివచ్చి దానికి పెద్దపీట వేసినది. 2021లో దాని అమ్మకములు వంద కోట్ల డాలర్లను దాటినవని 2022లో తానే ప్రకటించినది. సభ లేదు, మహజరు లేదు, నాయకుడు లేడు. వేలకొలది కొట్లముందు విడివిడిగా నిలిచిన మనుష్యులు ఒకే మాటను అడుగుచు ఒక మహాసంస్థను ఒప్పించిరి. ఇట్టి శక్తి మన చేతిలో నున్నదని ఎందరికి తెలియును?

ఆ సంస్థకు ఆ పాఠము అంతకుముందే స్వదేశమున కలిగినది. 1985 ఏప్రిలు 23న అమెరికాలో కోకా కోలా తన శతాబ్దప్రాయమైన రుచిని మార్చి క్రొత్త పానీయమును విడుదల చేసినది. ముందుగా పరీక్షలు చేయలేదా? చేసినది, దాదాపు 2 లక్షలమందిచేత రుచి చూపించినది, పేరు చెప్పకుండ ఇచ్చినపుడు ఎక్కువమంది క్రొత్తదానినే మెచ్చిరి. అయినను అది అంగడికి వచ్చినంతనే దేశమంతట కోపము. ఉత్తరములు, టెలిఫోను పిలుపులు కుప్పలుపడినవి. జూలైలోనే పాత పానీయము తిరిగి రావలసివచ్చినది. ఈ వృత్తాంతము చదివినపుడెల్ల నేను ఒక సందేహములో పడుదును. నాలుక క్రొత్తది మేలనినది, మనిషి పాతది కావలెననినాడు. ఈ ఇద్దరిలో నిజము పలికిన దెవరు? ఇరువురును నిజమే పలికిరని ఇపుడు తోచుచున్నది. ఒక గుటకలో ఏది తీయగా ఉన్నదని అడిగిరి, దానికి సమాధానము వచ్చినది. నీవు ఇరువదియేండ్లుగా త్రాగుచున్న దానిని ఇక నీకు దొరకకుండ చేయవచ్చునా యని అడుగలేదు, దానికి సమాధానము రాలేదు. ప్రియవస్తువు లోపలి పదార్థము కంపెనీ గిడ్డంగిలో నుండును; దాని ప్రియత్వము మాత్రము వాడువాని సంవత్సరములలో నుండును. మొదటిదానిని మార్చుటకు యజమానికి హక్కున్నది కాబోలు. రెండవదానిపై ఆయనకు హక్కెక్కడిది?

ఇట్లనుచునే నన్ను నేను ప్రశ్నించుకొనుచున్నాను: ఇది వయస్సు మీరినవాని మొండితనము కాదుగదా? ఏ మార్పు వలదనినను లోకము సాగునా? సాగదు. 1855లో బెజవాడయొద్ద పూర్తియైన కృష్ణ ఆనకట్ట ఈ డెల్టాకు అన్నము పెట్టినది. 1952లో అది తెగినపుడు పాతదానియందలి ప్రేమచేత ఎవరును దానినే అతుకుకొని కూర్చుండలేదు. 1957 నాటికి ప్రకాశం బ్యారేజి లేచినది. అది మార్పే, అవసరమైన మార్పు. అందు రైతు కోల్పోయినదేమియు లేదు. లైఫ్‌బాయ్ సబ్బును చూడుడు: 1895లో మన దేశమునకు వచ్చిన ఆ ఎర్రని కార్బాలిక్ సబ్బు వాసన కాలువ రేవులలో శతాబ్దముపాటు నిలిచినది, 2002లో ఆ ఇటుక వంటి రూపమును ఆ ఘాటైన వాసనయు పోయి, నురుగెక్కువగా వచ్చు స్నానపు సబ్బుగా మారినది. పొలమునుండి వచ్చిన పాలేరు ఆ పాత వాసన పీల్చిన గాని ఒడలు శుభ్రపడినట్లనుకొనలేదు. వాని మనుమరాలికి క్రొత్త పరిమళమే ఇష్టము. వీరిలో ఎవరి పక్షము వహింతును? నేను ఇరువురి పక్షమును. కావుననే నా ఫిర్యాదు మార్పుపైని కాదు. అవసరము లేని మార్పుపైని, చెప్పక చేయు మార్పుపైని, తగ్గించి మెరుగైనదని వ్రాయు మార్పుపైని. ధరలు పెరిగిన కాలమున బిస్కట్టు పొట్లము ధర నిలిపి బరువు తగ్గించినచో, చేతిలో అయిదు రూపాయలే యున్న కూలివాని కది ఉపకారమే కావచ్చును. కాని తగ్గినదని వానికి తెలియనీయవలదా? బరువు తగ్గిననాడే కవరుమీద క్రొత్త రంగులు, క్రొత్త నక్షత్రములు ఏల వెలయవలెను? పాలక్రొవ్వునకు బదులు మొక్కల నూనెలతో చేసిన చల్లని తినుబండారమును ఐస్‌క్రీం అని వ్రాయరాదనియు, ఫ్రోజెన్ డెసర్ట్ అని వ్రాయవలెననియు మన దేశమున నియమమున్నది. పొట్లములమీద మొత్తము ధరతోపాటు గ్రాము లెక్కన ధరయు ముద్రింపవలెననియు నియమము వచ్చినది. ఇవి మంచి నియమములు. అయినను ఆ సన్నని అక్షరములు చదువుటకు మామ్మగారికి కన్నులెక్కడివి?

ఈ విషయమును తలపోయుచుండగా నాకు బందరు లడ్డు జ్ఞప్తికి వచ్చినది. దానితో నా ఆలోచనకు ఒక త్రోవ దొరకినది. బుందేల్‌ఖండ్ ప్రాంతమునుండి మచిలీపట్నమునకు వచ్చిన బొందిలీ కుటుంబములవారు తెచ్చిన విద్య యని చెప్పుకొను ఆ తొక్కుడు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. శనగపిండిని సన్నని పూసగా వత్తి వేయించి, దంచి పొడిచేసి, జల్లించి, బెల్లపు పాకమున కలిపి, నేయి పోయుచు రోట తొక్కుదురు. నోట వేసికొన్నపుడు పలుకు తగులక కరగిపోవలెను. బయటివారు దీనిని చూచి, తరతరములుగా ఒకే పని, ఇందులో క్రొత్త యేమున్నది, అని అనుకొందురు. కాని ఈ యేటి బెల్లము నిరుటి బెల్లమా? వర్షము ఎక్కువైన యేడు బెల్లము తడి పట్టును. శనగ నేలనుబట్టి మారును. వేసవి నేయి వేరు, పుష్యమాసపు నేయి వేరు. పాకము ఎప్పుడు దింపవలెనో, రోట ఇంకెన్ని పోటులు వేయవలెనో, నేయి ఎంత తగ్గింపవలెనో పనివాని చేయి ప్రతిదినము క్రొత్తగా నిర్ణయించుచున్నది. అనగా లడ్డు మారకుండుటకై చేయి దినదినము మారుచున్నది! నేనింతకాలము మారని వస్తువనిన నిశ్చలమైనదని, సోమరియైనదని, దానిని చేయువాడు బుద్ధికి పని పెట్టనివాడని లోకము చెప్పగా వింటిని. ఇది పూర్తిగా తలక్రిందులు. మారకుండుట ఎంత శ్రమయో లడ్డు తొక్కినవానికి తెలియును. 1919లో గోదావరిజిల్లా రామచంద్రపురమున మొదలై నేటికిని నిలిచియున్న ఆర్టోస్ పానీయము వెనుకను ఇట్టి శ్రమయే యుండితీరవలెను. మహాసముద్రములవంటి కంపెనీల నడుమ నూరేండ్లు దాటి ఒక చిన్న ఊరి సీసా బ్రతికియుండుట, తన రుచిని కాచుకొనినందుననే గదా?

ఇపుడు నిష్కారణమైన మార్పు స్వరూపము నాకు కొంత తేటపడుచున్నది. ముడిసరకు మారినపుడు చేతిని మార్చుకొనుట కష్టము. వస్తువునే మార్చివేయుట సులభము. ఖరీదైన నూనె బదులు చౌక నూనె పోయుట సులభము. చౌక నూనె పోయకుండ లెక్క కుదుర్చుకొనుట కష్టము. క్రొత్తగా వచ్చిన అధికారికి తాను వచ్చినట్లు గుర్తు కావలెను. బాగున్నదానిని బాగుగనే నిలిపితినని చెప్పిన పైవారు మెచ్చరు, క్రొత్త కవరు చూపిన మెచ్చుదురు. ఇందు ఏ యొక్కరి దుష్టత్వమును లేదు. మార్చినవాని పని కంటికి కనబడును, కాచినవాని పని కనబడదు, అంతియే. కనబడని పనికి విలువ కట్టుట తెలియని చోట ప్రియవస్తువు నిలువజాలదు.

ఆ విలువ ఎంతటిదో తెలియుటకు మన కృష్ణాజిల్లాలోనే నిదర్శనము కలదు. ఎలకుర్రులో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును ప్రారంభించిరి. తలనొప్పికి పూసికొను ఆ పసుపుపచ్చని లేపనము, ఆ చిన్న సీసా, ఆ ఘాటు, ఇంటింట ఒకే తీరుగా పనిచేయునను నమ్మకము దానికి పెట్టుబడి. ఆ నమ్మకముపై వచ్చిన ధనముతో ఆయన ఏమి చేసిరి? 1908లో బొంబాయినుండి ఆంధ్రపత్రికను వారపత్రికగా నడపిరి. 1914లో మదరాసునుండి దానిని దినపత్రిక చేసిరి. 1924లో భారతి యను సాహిత్యపత్రికను స్థాపించిరి. గ్రంథాలయములకు, విద్యార్థులకు చేయూత నిచ్చిరి. దేశోద్ధారకుడని ప్రజలచే పిలువబడిరి. ఎవరో ఒక అవ్వ తలనొప్పికి అలవాటుగా కొన్న చిన్న సీసా నాణెములు కూడికొని తెలుగువారి సాహిత్యపత్రికయైనవి. ఇంతటి ఫలము నిచ్చిన చెట్టునకు వేరు ఏది? రేపు కొను సీసా నిన్నటి సీసావంటిదే యగునను విశ్వాసము. ఇది కంపెనీ లెక్కపుస్తకములలో ఆస్తిగా వ్రాయబడినను, దానిని కూడబెట్టినవారు కొన్నవారు. వారి నడుగక దానిని ఖర్చు పెట్టుట న్యాయమా?

కావున వస్తువులు చేయువారిని నేను కోరునది దుర్లభమైనది కాదు. మార్చవలసిన కారణమున్నచో మార్చుడు. ఆ కారణమును పొట్లముమీద పెద్ద తెలుగక్షరములలో, ఇది తగ్గినది, ఇది పెరిగినది, ఇది పోయినది అని వ్రాయుడు. రంగును మార్చక తప్పదన్నచో కొంతకాలము పాత రంగు అంచునైనను నిలుపుడు. అక్షర మెరుగనివాడు దానిని పట్టుకొని క్రొత్తదానికి నడచిపోవును. క్రొత్త రుచి తేవలెనన్నచో పాతదాని ప్రక్కన తెండు, దానిని చంపి దాని చోట తేవలదు. జనులు నిజముగా క్రొత్తదానినే కోరినచో పాతది తనంతట తొలగును. కొనువారి కర్తవ్యమును కలదు. మనము ఇంటిలో గొణిగికొందుము, దుకాణదారుపై విసుగుకొందుము, తుదకు ఇచ్చినది పుచ్చుకొందుము. థమ్సప్ అడిగినవారు అట్లు చేయలేదు. పేరు పెట్టి అడిగిరి, లేనిచో లేచిపోయిరి, మరునాడు మరల అడిగిరి. మార్పునకు తగిన కారణము చూపలేని వస్తువును బల్లమీద తిరిగి పెట్టుట కలహము కాదు, మన నమ్మకమునకు మనమే కాపు కాయుట. అంతకంటె ముఖ్యముగా, ప్రతి కర్మాగారములోను, ప్రతి కార్యాలయములోను, "ఇది బాగుగనే ఉన్నది, దీనిని ముట్టవద్దు" అని నిలిచి చెప్పు పనివాడో, రుచి చూచువాడో, గుమాస్తాయో ఒకడు ఉండును. అతని మాట వినుడు. అతని పని కంటికి కనబడకపోయినను, మన యిండ్లలో ప్రతి ఉదయము మనము రుచి చూచుచున్నది అతని పనినే.